సమాధుల తోట ఎదుట పుట్టిన పెండ్లి పాట

అంత్యదినాల పాట అనగానే మీకు ఏమి గుర్తొస్తుంది? బూరలు, అగ్ని, తీర్పు. కానీ సుమారు 425 ఏళ్ల క్రితం జర్మనీలో ఒక కాపరి ఇదే అంశంపై పెండ్లి పాట రాశారు. అదీ తన సంఘస్థులను వరుసగా పాతిపెడుతున్న రోజుల తర్వాత.

ఆయన ఫిలిప్ నికొలాయ్. 1556లో ఒక లూథరన్ కాపరి ఇంట పుట్టారు. 1596లో ఉన్నా అనే పట్టణ సంఘానికి కాపరిగా వచ్చారు. మరుసటి ఏడే అక్కడ ప్లేగు తెగులు పడింది. కొద్ది నెలల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఒక్కోరోజు 20, 30 సమాధులు. ఆయన ఇంటి కిటికీ తెరిస్తే ఎదురుగా సమాధుల తోటే. 2021లో మన ఊళ్ల నుండి వాట్సాప్‌లో రోజుకో కబురు విని, విమానం ఎక్కలేక ఏడ్చిన మీకు ఆ కిటికీ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో ఆయన నిత్యజీవం గురించి లేఖనాలు, అగస్టీను గ్రంథం ధ్యానిస్తూ రాసుకున్నారు. 1599లో అది పుస్తకంగా వచ్చింది. దాని చివర పాటలు చేర్చారు. వాటిలో ఒకటే ఇంగ్లీషువారు ‘వేక్, అవేక్’ అని పాడుకునేది. మత్తయి 25లోని పదిమంది కన్యకలు, అర్ధరాత్రి కేక, యెషయా చెప్పిన కావలివారు, ప్రకటన 19లోని గొఱ్ఱెపిల్ల వివాహం, అన్నీ మూడు చరణాల్లో ఇమిడాయి. తలుపు మూసేసిన సంగతి మాత్రం ఆయన పాడలేదు. విందుశాలలోకి వెళ్లడమే పాడారు.

ఒక మాట దాచకూడదు. ఇదే నికొలాయ్ ప్రవచనాల లెక్కలు కట్టి, లోకాంతం 1670లో అని మరో పుస్తకంలో రాశారు. 1608లో హాంబుర్గ్‌లో నిద్రించారు గనుక ఆ ఏడు మామూలుగా గడిచిపోవడం చూడలేదు. ఆ లెక్క ఇప్పుడు పండితులకే గుర్తుంది. ఏ సంవత్సరమూ చెప్పని ఆ పాటను మాత్రం 1731లో బాహ్ లైప్జిగ్‌లో ఆరాధన కోసం పెద్ద సంగీత కృతిగా మలిచారు. మీ పక్క సంఘంలో ఆగమన కాలంలో ఆ రాగం వినే ఉంటారు.

ఈసారి జర్మన్ ప్రతి దొరికితే మూడు చరణాల మొదటి అక్షరాలు చివరినుండి వెనక్కి చదవండి. వాల్డెక్ ప్రభువు అనే బిరుదుకు పొడి అక్షరాలవి. ఆ బాలుడు నికొలాయ్ దగ్గర చదువుకున్నవాడు. 1598లో, చిన్న వయసులోనే కన్నుమూశాడు.