నందలాల్ బోసు: నలుపు తెలుపుల సాధకుడు

మా తెలుగు శాఖ గదిలో, పుస్తకాల బీరువా ప్రక్కన, చేతితో అచ్చు వేసిన చిన్న చిత్రం ఒకటి వ్రేలాడుతూ ఉంటుంది. పూర్వ విద్యార్థి ఒకరు దానిని మాకు కానుకగా ఇచ్చారు. సరస్సు ఒడ్డు, రెండు తాటిచెట్లు, గట్టుకు కట్టివేసిన పడవ, ఆవల కొండల వరుస. అందులోని విషయం ఇంతమాత్రమే. రంగు ఒక్కటే, నలుపు. నీటిని చూపడానికి ఆ విద్యార్థి ఏమీ గీయలేదు. పలక మీద నీరున్నంత మేర చెక్కి తీసివేశాడు. కాగితపు తెలుపే నీరై నిలిచింది. ఈ చిత్రాన్ని చూసినవారు ఇటువంటి కళకు మన దేశంలో గౌరవం తెచ్చినవారెవరని అడిగినప్పుడెల్లా మాకు ముందుగా స్మృతికి వచ్చే పేరు ఆచార్య నందలాల్ బోసు.

ఆయన 1882 డిసెంబరు 3వ తేదీన బీహారులోని ముంగేరు జిల్లా హవేలీ ఖరగ్‌పూర్‌లో జన్మించారు. కొండలూ సరస్సూ గల ఊరు అది. తండ్రి దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి బొమ్మలు చేయడంలో నేర్పరి. కుమ్మరుల పనిని గమనిస్తూ, మట్టితో ప్రతిమలు చేస్తూ ఆ బాలుడు పెరిగాడు. పై చదువుల కోసం కలకత్తా చేరిన తరువాత కళాశాల పరీక్షలు ఆయనకు కలిసిరాలేదు. ఒకటికి రెండు మార్లు తప్పారు. వాణిజ్యశాస్త్ర తరగతిలో చేరినా మనసు నిలువలేదు. అప్పటికే వివాహమైనది. పెద్దలకు ఆందోళన కలగడం సహజం. చివరకు వారిని ఒప్పించి, 1905లో ప్రభుత్వ చిత్రకళాశాలలో అవనీంద్రనాథ ఠాగూరు శిష్యుడైనారు. పరీక్ష తప్పినంత మాత్రాన జీవితం తప్పిపోయినదని తలచే విద్యార్థులు ఈ ఘట్టాన్ని మరువరాదని మా మనవి.

శిష్యునిగా ఉన్న రోజులలోనే అజంతా గుహలకు వెళ్ళి కుడ్యచిత్రాలకు ప్రతులు తీసే పనిలో ఆయన పాల్గొన్నారు. ప్రాచీన శిల్పుల రేఖ ఆయన చేతికి అక్కడ పట్టుబడింది. 1919లో రవీంద్రనాథ ఠాగూరు శాంతినికేతనంలో కళాభవనం స్థాపించారు. 1922 నుండి 1951 వరకు దాని బాధ్యత నందలాల్‌దే. 1924లో రవీంద్రునితో కలసి చైనా, జపాను దేశాలు పర్యటించినప్పుడు అక్కడి ముద్రాచిత్రాలను శ్రద్ధగా పరిశీలించారు. కొయ్యపలక, లినోలియం, రాతిముద్ర మొదలైన పద్ధతులు కళాభవనంలో నిత్యాభ్యాసాలైనాయి.

ఇక్కడ ఈ పద్ధతిని గురించి కొంచెం చెప్పవలసి ఉన్నది. లినోలియం నిజానికి ఇంటి నేల మీద పరిచే వస్తువు. 1860వ దశకంలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ దీనిని కనిపెట్టాడు. అవిసెనూనెను చిక్కబరచి, బెండుపొడి కలిపి, ముతక గుడ్డ మీద పరచి తయారుచేస్తారు. కొయ్యకు వలె దీనికి నారపోగుల వరుస లేదు గనుక ఉలి ఏ వైపుకైనా సులువుగా సాగుతుంది. చెక్కిన చోటు తెల్లగాను, మిగిలిన చోటు సిరా పట్టి నల్లగాను అచ్చవుతుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి అక్షరాలను త్రిప్పి చెక్కాలి. ఒకసారి ఉలి తీసివేసిన దానిని తిరిగి అతికించడం సాధ్యం కాదు. అందుచేత చెక్కే ముందు ఆలోచించడమే ఈ విద్యలో సగం. ఇక పలక సిద్ధమైతే, ఒక్క బొమ్మ పదిమందికీ నూరుమందికీ చేరుతుంది. ధనికుని గోడకే పరిమితమయ్యే చిత్రం సామాన్యుని చేతికి అందుతుంది.

1930 మార్చి 12న గాంధీజీ సబర్మతి నుండి బయలుదేరి ఏప్రిల్ 6న దండి తీరంలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. ఆ ఏప్రిల్‌లోనే నందలాల్ లినోలియం మీద ఆయన రూపాన్ని చెక్కారు. నల్లని నేపథ్యం మీద కొద్దిపాటి తెల్లని గీతలు, చేతికర్ర, ముందుకు వేసిన అడుగు. అలంకారమేదీ లేదు. అయినను జాతి సంకల్పమంతా ఆ అడుగులో కనిపిస్తుంది. అదే ఏడాది వెలువడిన రవీంద్రుని బెంగాలీ వాచకం సహజ పాఠానికి కూడా ఆయనే బొమ్మలు సమకూర్చారు. మహానాయకుని మీద చూపిన శ్రద్ధనే పసిపిల్లల అక్షరాల మీదను చూపారు. ఆయన గొప్పతనం ఇందులోనే ఉన్నదని మేము భావిస్తాము.

1938 ఫిబ్రవరిలో జరిగిన హరిపురా కాంగ్రెసు మహాసభకు గాంధీజీ కోరికపై ఆయన చిత్రఫలకాలు రచించారు. వాటిలో రాజులు లేరు. కుమ్మరులు, చర్మకారులు, క్షురకులు, వాద్యకారులు, ఇంటి పనులలో ఉన్న స్త్రీలు ఉన్నారు. స్వాతంత్ర్యానంతరం భారత రాజ్యాంగపు మూలప్రతిని అలంకరించే భారం కూడా ఆయనకూ ఆయన శిష్యులకూ దక్కింది. మొహెంజొదారో వృషభం మొదలుకొని బుద్ధుడు, అక్బరు, టిప్పు సుల్తాను, ఝాన్సీ లక్ష్మీబాయి వరకు ఆ పుటలలో కొలువుదీరారు. హిమాలయం, ఎడారి, సముద్రం కూడా చోటు చేసుకున్నాయి. ఈ నేల చరిత్రలో ఎవరెవరికి స్థానమున్నదో ఆ చిత్రాలు మాట లేకుండానే చెబుతున్నవి. మనవంటి కళాశాలలో చదివేవారు ఒక్కసారైనా ఆ పుటలు తిరగవేయాలి.

1954లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చి ఆయనను గౌరవించింది. వినోద విహారి ముఖర్జీ, రామకింకర్ బైజ్ వంటి మహనీయులు ఆయన శిష్యులు. నవాబు మెహదీ నవాజ్ జంగ్ చేయూత పొందిన మన కొండపల్లి శేషగిరిరావుగారు కూడా శాంతినికేతనంలో ఆయన వద్ద శిక్షణ పొందినవారే. ఈ విధంగా ఆ గురువు వెలుగు మన హైదరాబాదును కూడా తాకింది. 1966 ఏప్రిల్ 16న నందలాల్ బోసు కలకత్తాలో కన్నుమూశారు.

మా గదిలోని ఆ సరస్సు చిత్రాన్ని చూసినప్పుడు మాకొక విషయం తోస్తుంది. అందులో నీరు చేర్చుట వలన కలిగినది కాదు, అనవసరమైన దానిని తొలగించుట వలన కలిగినది. విద్య కూడా అట్టిదే. ఏది ఉంచవలెనో, ఏది విడువవలెనో తెలుసుకొని, తొందరపడక ఉలి పట్టిన చేతికి లోటు ఉండదు. ఖరీదైన రంగులు లేవని, అవకాశాలు లేవని దిగులుపడే మన విద్యార్థులకు, నేల మీద పరిచే ముక్కతోనే జాతి చరిత్రను చెక్కిన ఈ ఆచార్యుని జీవితం ధైర్యమిస్తుందని ఆశిస్తున్నాము.