రేనాటి నరసింహారెడ్డి: ఒక ఉరి, వెయ్యి వారెంట్లు



ఈ సంచికలో మన ప్రాంతపు వీరుల జీవితాలు రాద్దామనుకున్నప్పుడు మా సంఘంలో ఒక ప్రశ్న వచ్చింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాలెగాళ్ల వంశంలో పుట్టినవాడు కదా, గిరిజనుల సంచికలో ఆయన కథ ఎందుకు అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా జవాబు రెండు మాటల్లో చెబుతాం.

మొదటిది నేల సంబంధం. బేస్తవారిపేట నుంచి కంభం వైపు పోయినా, గిద్దలూరు వైపు పోయినా ఆయన తిరిగిన దారుల్లోనే పోతాం. మనకు పడమట కనిపించే నల్లమల ఆయనకు దాపు ఇచ్చిన అడవి. అది తరతరాలుగా చెంచుల ఇల్లు. రెండోది కేసుల సంగతి. తిరుగుబాటు అణిగిన తర్వాత కుంఫిణీ ప్రభుత్వం వెయ్యి మంది దాకా జనం మీద వారెంట్లు తీసింది. కేసు అనే మాట మన గూడేలకూ తండాలకూ కొత్త కాదు. అలజడి లేచినప్పుడు సర్కారు పెట్టే కేసుల్లో న్యాయం ఎంత, రాజకీయం ఎంత అన్న చర్చ నేటికీ తెగలేదు. ఆ చర్చకు మన ఇంటి పక్క నుంచే ఒక ఉదాహరణ ఉందని చెప్పడానికి ఈ కథ రాస్తున్నాం.

పాలెగాళ్ల కాలం ముగిసిన తీరు

1800లో నిజాం నవాబు కడప, కర్నూలు, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. అలా ఇచ్చినవి కాబట్టి దత్తమండలాలన్నారు. అప్పటికి ఈ సీమలో దాదాపు 80 మంది పాలెగాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక కోట, కొన్ని ఊళ్లు, కొంత బలగం ఉండేవి. కంపెనీ తరఫున ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉన్నాడు. ఎదురు తిరిగిన పాలెగాళ్లను వెళ్లగొట్టాడు. లొంగినవాళ్ల ఊళ్లు తీసుకుని నెలనెలా పింఛను ఏర్పాటు చేశాడు. శిస్తు నేరుగా రైతు దగ్గరే వసూలు చేసే రైతువారీ పద్ధతి తెచ్చాడు. పాలెగాడి కుటుంబం ఒక్క తరంలో ఏలిక స్థానం నుంచి పింఛనుదారు స్థానానికి దిగింది.

నరసింహారెడ్డిది అలాంటి కుటుంబమే. కోయిలకుంట్ల తాలూకాలోని ఉయ్యాలవాడ ఆయన ఊరు. తండ్రి పెద్దమల్లారెడ్డి. తల్లి వైపు తాత జయరామిరెడ్డి నొస్సం పాలెగాడు, ఆ సీమలో పేరున్నవాడు. జయరామిరెడ్డికి మగ సంతానం లేదు. ఆయన పోయాక నొస్సం పింఛనును కంపెనీ రద్దు చేసింది. అందులో కొంత భాగమైనా తనకు రావాలని మనవడు నరసింహారెడ్డి అడిగితే ఒప్పుకోలేదు. తండ్రి వైపు నుంచి వచ్చే తవర్జీ, అంటే పింఛను, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు మాత్రం మిగిలింది. తాతలు ఏలిన సీమలో ఆ డబ్బు కోసం మనిషిని ఖజానాకు పంపి ఎదురుచూడాల్సి వచ్చేది. పింఛను తెమ్మని పంపిన మనిషిని తహసీల్దారు అవమానించి పంపాడని, గొడవ అక్కడే రాజుకుందని రేనాటి పల్లెల్లో నేటికీ చెప్పుకుంటారు.

కట్టుబడి మనుషులు

ఒక్కడి అలుక వల్ల తిరుగుబాటు రాదు. ఆయన వెంట నడిచిన వాళ్లెవరో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

పాత రోజుల్లో ఊరికి, దారికి, కనుమకు కాపలా కాసేవాళ్లకు జీతం ఉండేది కాదు. బదులుగా మాన్యం భూమి ఇచ్చేవారు. వాళ్లను కట్టుబడి వాళ్లనేవారు. నల్లమలలో శ్రీశైలం పోయే యాత్రికులకు చెంచులు తోడుండి దారి చూపినట్టే, మైదానపు ఊళ్లలో ఈ కట్టుబడి మనుషులు కావలి ఉండేవారు. 1840ల్లో కంపెనీ కన్ను ఈ మాన్యాల మీద పడింది. కావలికి తన పోలీసులు వచ్చారు కాబట్టి ఈ భూములను వెనక్కి తీసుకోవచ్చా అని ఆలోచన మొదలుపెట్టింది. కాపలా కాసిన చేతుల కింద నుంచి భూమి జారిపోతుందన్న భయం ఊరూరా పాకింది. నరసింహారెడ్డి పిలవగానే ముందుగా కదిలింది వీళ్లే. ఆయనకు కుడిభుజంగా నిలిచిన వడ్డె ఓబన్నను, వెంట ఉన్న గోసాయి వెంకన్నను జనం ఇప్పటికీ తలుచుకుంటారు. బోయలు, చెంచులు అండగా నిలిచారని జనం నోట నిలిచిన మాట.

కోయిలకుంట్ల నుంచి గిద్దలూరు దాకా

1846 జులై 10న ఆయన మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. రక్తం చిందింది. ఖజానా నుంచి పోయిన సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైసలని చెబుతారు. ఆ తర్వాత దువ్వూరు వైపు, అహోబిలం వైపు సాగి, నల్లమల దాటి ఆయన మన వైపు వచ్చాడు. అప్పట్లో కంభం సీమ కడప జిల్లాలో ఉండేది. కడప కలెక్టరు కాక్రేన్. కడప నుంచి, కర్నూలు నుంచి సైన్యాలు వెంటపడ్డాయి.

గిద్దలూరు దగ్గర లెఫ్టినెంట్ వాట్సన్ సేనతో నరసింహారెడ్డి ఎదురుపడి పోరాడాడు. కంభం తహసీల్దారు ఆయన చేతుల్లోనే చనిపోయాడు. ఈ సంగతి జిల్లా చరిత్రలో ఉంది. వీరగాథలు చెప్పుకునేటప్పుడు మనం ఈ చావు దగ్గర ఆగం. ఆగాలని మా అభిప్రాయం. ఆ తహసీల్దారు దొర కాదు, కంపెనీ కొలువులో ఉన్న మన దేశస్థుడు. ఆయనకూ ఒక ఇల్లు ఉండి ఉంటుంది.

అక్కడి నుంచి రెడ్డి మళ్లీ నల్లమలలోకి వెళ్లిపోయాడు. నల్లమల, ఎర్రమల కొండల్లో, పాడుబడ్డ కోటల్లో తలదాచుకుంటూ తిరిగాడు. దారి తెలిసిన మనిషి లేకుండా, తిండి పెట్టే చేయి లేకుండా ఈ అడవుల్లో అన్ని రోజులు ఎవరూ బతకలేరు. ఆ చేయి ఎవరిదో నల్లమల అంచున పుట్టిన మనకు వేరే చెప్పనక్కర్లేదు. పట్టిచ్చినవాళ్లకు సర్కారు బహుమానం ప్రకటించింది. చివరకు 1846 అక్టోబరు 6న కోయిలకుంట్ల తాలూకా పేరుసోముల దగ్గర కొండ మీద ఆయన దొరికిపోయాడు.

విచారణ, ఉరి, కొయ్య మీద తల

నెత్తురు మరకలున్న బట్టలతోనే, సంకెళ్లు వేసి ఆయనను ఊరేగించారు. విచారణ అయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. దోపిడీ, హత్య, రాజద్రోహం ఆయన మీద మోపిన నేరాలు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో బహిరంగంగా ఉరి తీశారు. చూడటానికి రెండు వేల మందికి పైగా జనం వచ్చారు. కలెక్టరు కాక్రేన్ కూడా అక్కడే ఉన్నాడు.

ఉరితో శిక్ష ముగియలేదు. ఆయన తలను కోట మీద కొయ్యకు వేలాడదీశారు. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, 1877 దాకా ఆ కొయ్య అక్కడే ఉంది. ఈ ముప్పై ఏళ్లలో 1857 సిపాయిల తిరుగుబాటు వచ్చి పోయింది. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. కోయిలకుంట్ల, కంభం కర్నూలు జిల్లాలో కలిశాయి. ధాత కరువు వచ్చి ఈ సీమలో జనం రాలిపోతున్న రోజుల్లో గానీ ఆ కొయ్య దిగలేదు.

ఇక ఆయన వెంట నడిచినవాళ్ల సంగతి. వెయ్యి మంది దాకా వారెంట్లు తీశారు. అందులో 412 మంది నిర్దోషులుగా బయటపడ్డారు. 273 మందిని పూచీకత్తు మీద వదిలారు. 112 మందికి మాత్రం శిక్ష పడింది, 5 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా.

రెండు వాదాలు

ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా మాలో రెండు పక్షాలు లేస్తాయి. రెండింటినీ ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

మొదటి పక్షం ఇలా అంటుంది. ఖజానా కొట్టడం నిజం. మనుషులు చనిపోవడం నిజం. ఏ ప్రభుత్వమైనా, మనవాళ్ల ప్రభుత్వమైనా, ఇలాంటి పనిని చూస్తూ ఊరుకోదు. పింఛను గొడవ తీర్చుకోవడానికి తహసీల్దారును చంపడాన్ని పోరాటం అంటే రేపు ఎవడైనా అదే పేరు పెట్టుకుంటాడు. కాబట్టి కేసు పెట్టడం తప్పు కాదు.

రెండో పక్షం ఇలా అంటుంది. ఊళ్లు లాక్కున్నది కంపెనీ. పింఛను ఆపింది కంపెనీ. మాన్యాల మీద కన్నేసింది కంపెనీ. నేరం మోపింది, తీర్పు చెప్పింది, ఉరి తీసింది కూడా కంపెనీయే. దావాలో ఒక పక్షం వాడే తీర్పరిగా కూర్చుంటే అది విచారణ ఎలా అవుతుంది? బందిపోటు అన్న పేరు కంపెనీ పెట్టింది కాబట్టి ఆ పేరును మనం మోయనక్కర్లేదు.

రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఏది ఎంతవరకు అన్నది తేల్చడానికి పై అంకెలే సాయపడతాయని మాకు అనిపిస్తుంది. తహసీల్దారు హత్య మీద విచారణ జరపడం న్యాయమే అనుకుందాం. కానీ వెయ్యి మంది మీద వారెంట్లు తీసి 112 మంది మీద మాత్రమే నేరం నిలబెట్టగలిగారంటే, మిగతావాళ్ల మీద ఎందుకు తీసినట్టు? ఊళ్లకు భయం చెప్పడానికే. 412 మంది మీద ఏ తప్పూ నిలబడలేదు. ఇక ఉరితీసిన మనిషి తలను ముప్పై ఏళ్లు జనం కళ్ల ముందు ఉంచడం హత్యానేరానికి శిక్ష కాదు. అది దారిన పోయేవాళ్లందరికీ చేసిన హెచ్చరిక. కేసు న్యాయంగా మొదలై ఉండవచ్చు, సాగిన తీరు మాత్రం రాజకీయమే.

కొలబద్ద

అలజడి కేసును తూచడానికి ఈ కథ మాకు నాలుగు ప్రశ్నలు నేర్పింది. చేసిన పనికి మనిషిని పట్టుకున్నారా, లేక ఫలానా ఊరివాడు, ఫలానా కులంవాడు అని పట్టుకున్నారా? పట్టుకున్నవాళ్లలో ఎంతమంది మీద నేరం రుజువైంది? తీర్పు చెప్పినవాళ్లకు ఆ గొడవలో సొంత లాభం ఉందా? శిక్ష నేరంతో ఆగిందా, దాన్ని దాటి పోయిందా?

ఈ ప్రశ్నలు మనకు ఎందుకు ముఖ్యమో వేరే చెప్పాలా? నరసింహారెడ్డి ఉరి తర్వాత 24 ఏళ్లకు, 1871లో, నేరస్థ తెగల చట్టం వచ్చింది. అందులో పనితో సంబంధం లేదు, పుట్టుకే నేరం. తర్వాత ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చినప్పుడు మన ఎరుకల సోదరులను స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో ఉంచి హాజరు వేయించారు. 1952లో ఆ చట్టం పోయింది, ముద్ర మాత్రం మనసుల్లో ఇంకా పోలేదు.

మన్యం కథ కూడా తలుచుకుందాం. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట పోరాడిన గాము మల్లుదొరను సర్కారు శత్రువుగా చూసి ఏళ్ల తరబడి జైల్లో పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి లోక్‌సభకు అదే మల్లుదొరను విశాఖపట్నం నుంచి జనం ఎన్నుకుని పంపారు. మనిషి మారలేదు, చేసిన పనీ మారలేదు, మారింది ప్రభుత్వం. ఆ కేసు ఏ రకందో దీన్నిబట్టే తెలుసుకోవచ్చు.

ఇది కుంఫిణీతోనూ దొరలతోనూ పోయిన సంగతి అనుకుంటే పొరపాటు. సొంత అడవిలో పుల్ల విరిచినందుకు, చెక్క చెదిరిన భూమి దున్నినందుకు కేసులు మోసిన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. అడవి బిడ్డలకు చరిత్రలో అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టమే ఒప్పుకుంది. అలాగని మనవాళ్లు చేసిన ప్రతి పనీ ఒప్పే అనం. తప్పు చేసినవాడు జవాబు చెప్పాలి. వాడి పేరు చెప్పి గూడెం గూడెమంతా జవాబు చెప్పాల్సిన పని లేదు.

ముగింపు

ఈ రోజు నరసింహారెడ్డికి కొదవ లేదు. 2019లో ఆయన మీద పెద్ద సినిమా వచ్చింది. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఒకప్పుడు ప్రభుత్వమే కొయ్యకు వేలాడదీసిన మనిషి పేరు ఈ రోజు ప్రభుత్వమే పెట్టుకుంది. సంతోషం.

మా మనసు మాత్రం ఆ 112 మంది దగ్గర, ఆ 412 మంది దగ్గర ఆగుతుంది. 14 ఏళ్లు జైల్లో గడిపి వచ్చినవాడు ఏ ఊరివాడో, తిరిగొచ్చేసరికి వాడి మాన్యం మిగిలిందో లేదో ఏ విగ్రహం చెప్పదు. అందుకే మా సంఘం తరఫున యువతను ఒకటి కోరుతున్నాం. మీ ఊళ్లో, మీ గూడెంలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల తాతల కథలు అడగండి. ఎవరి మీద ఏ కేసు పడింది, ఎన్నాళ్లు తిరిగారు, చివరికి ఏమైంది, రాసిపెట్టండి. ఫిబ్రవరి 22న నరసింహారెడ్డికి దండ వేసేటప్పుడు ఆ పేర్లు కూడా చదువుదాం.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి, ఆయన వెంట నడిచి పేరు లేకుండా పోయినవాళ్లందరికీ మా జోహార్లు.