బేగంపేట నుంచి కావలూరు దాకా: ఖగోళ శాస్త్రజ్ఞుడు వైను బప్పు

మిరుగు ఎప్పుడు వస్తుందో, ఆరుద్రలో ఏ విత్తనం వెయ్యాలో జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ కార్తెలకు పేరిచ్చిన చుక్కలు ఆకాశంలో ఎక్కడున్నాయంటే మాత్రం వేలు పెట్టి చూపగలిగేవారు తగ్గిపోయారు. చుక్కలు చూడటం సరదాగా మొదలుపెట్టి ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షుడైన ఒకాయన, ఈ జిల్లాలు కూడా భాగంగా ఉండిన నిజాం రాజ్యంలోనే పెరిగారు. ఆయన మనాలి కల్లాట్ వైను బప్పు.

మలయాళ కుటుంబం. 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఆ వేధశాల కథ కూడా ఒక సరదాతోనే మొదలైంది. జఫర్ జంగ్ అనే నవాబు 1901లో సొంత డబ్బుతో 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించారు. తన తర్వాత అది మూలపడకూడదని, వేధశాలను ప్రభుత్వమే నడపాలని ముందుగానే ఏర్పాటు చేసుకొని 1907లో కన్నుమూశారు. ప్రభుత్వం దాన్ని స్వీకరించి బేగంపేటకు మార్చింది. పెద్ద టెలిస్కోపు మాత్రం ఆయన పోయిన 15 ఏళ్ళకు, 1922లోగాని పనిలోకి రాలేదు.

తండ్రి పనిచేసే చోటే బప్పుకు బడి అయింది. నిజాం కాలేజీలో చదువుకుంటూనే, వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే చుక్కలను గమనించి, ఆ లెక్కలను వ్యాసాలుగా ప్రకటించారు. ఈ పనికి డబ్బు అక్కరలేదు, ఓపిక కావాలి. వెలుగు మారే చుక్క ఒకటి, దాని చుట్టుపక్కల వెలుగు మారని చుక్కలు రెండు ఎంచుకోవాలి. మారే చుక్క ఆ రెంటిలో దేనికి దగ్గరగా వెలుగుతున్నదో చూసి, తేదీ, వేళ వేసి పుస్తకంలో రాసుకోవాలి. ఏళ్ళ తరబడి రాయాలి. మన ఆరుద్ర చుక్కే అటువంటిది. పుష్యమాసంలో ముందు రాత్రి తూర్పున వరుసగా నిలిచే మూడు చుక్కలకు ఎడమ పక్క ఎర్రగా మెరిసేది అదే. మామూలుగా రోహిణి చుక్కను మించి వెలిగే ఆరుద్ర, 2020 ఫిబ్రవరిలో రోహిణికన్న మసకబారింది. ఏ పరికరమూ లేకుండా మన ఊరి వాకిట్లో నిలబడి చూసినవారికి కూడా ఆ తేడా తెలిసింది.

బప్పు భౌతిక శాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తి చేశారు. అయితే చుక్కల చదువు చదివినవాడికి ఆ రోజుల్లో ఉద్యోగం ఎక్కడుంది? సరదా సరదాగానే మిగిలిపోయే ప్రమాదం ఉండింది. ఆ సమయంలో అమెరికాలోని హార్వర్డ్ వేధశాల అధిపతి హార్లో షాప్లీ హైదరాబాదు వచ్చారు. బప్పు ఆయనను కలుసుకున్నారు. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన వేతనంతో 1949లో హార్వర్డ్ చేరారు. పోలీసు చర్య జరిగి ఏడాదైనా కాని రోజులవి.

చేరిన కొద్ది నెలలకే, జులై 2న, ఆకాశాన్ని ఫోటో తీసిన గాజు పలకను పరిశీలిస్తుండగా బప్పుకు అందులో ఒక కొత్త గీత కనబడింది. అది తోకచుక్క. ఉపాధ్యాయుడు బార్ట్ బాక్, సహ విద్యార్థి న్యూకిర్క్ దాని దారి లెక్కకట్టడంలో తోడ్పడ్డారు. అందుకే దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లూ వచ్చాయి. అప్పటికి బప్పుకు 22 ఏళ్ళు నిండలేదు. 1952లో డాక్టరేటు వచ్చింది.

ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఆలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి చేసిన పని అంతకంటె గొప్పది. సిరిసిల్ల నేత కార్మికులకు ఇది సులువుగానే బోధపడుతుంది. చుక్క నుంచి వచ్చే వెలుగును విడదీస్తే చీర అంచులా రంగుల పట్టీ వస్తుంది. అందులో అక్కడక్కడ నల్లటి గీతలుంటాయి. ఊదా రంగు కొసన కాల్షియం వల్ల ఏర్పడే ఒక నల్లటి గీత మధ్యలో, కొన్ని చుక్కల్లో సన్నని తెల్ల పోగులాంటి మెరుపు కనిపిస్తుంది. ఆ పోగు ఎంత వెడల్పుంటే ఆ చుక్క అసలు వెలుగు అంత ఎక్కువని వారిద్దరూ తేల్చారు. దూరాన కనిపించే లాంతరు అసలు వెలుగు తెలిస్తే అది ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు గదా! చుక్కల దూరమూ అలాగే చెప్పవచ్చు. 1957లో వెలువడిన ఈ ఫలితానికి విల్సన్-బప్పు ప్రభావమని పేరు.

అమెరికాలో ఉండిపోతే ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపులు చేతికి అందేవి. ఆయన 1953లోనే తిరిగి వచ్చేశారు. దేశంలో అప్పటికి చెప్పుకోదగ్గ పెద్ద టెలిస్కోపు లేదు. ఉత్తరప్రదేశ్ వేధశాలను నైనితాల్ కొండకు చేర్చారు. 1960లో కొడైకెనాల్ వేధశాల డైరెక్టరయ్యారు. అక్కడ మబ్బులు ఎక్కువ. అందుచేత మరో చోటు వెతికి, తమిళనాడులో జవ్వాది కొండల అడవుల మధ్యనున్న కావలూరు అనే చిన్న పల్లెను ఎంచుకున్నారు. 1968లో అక్కడ పెట్టిన మొదటి టెలిస్కోపు తమ సొంత వర్క్‌షాపులో తయారైనదే. దాని అద్దం 15 అంగుళాలు. కాకతాళీయమే అయినా బేగంపేట టెలిస్కోపు కొలతా అదే. 1972లో మీటరు వెడల్పు టెలిస్కోపు వచ్చింది. 1977లో యురేనస్ గ్రహం చుట్టూ వలయాలున్న సంగతి బయటపడినప్పుడు, కావలూరు పరిశీలనలు కూడా అందుకు సాక్ష్యమిచ్చాయి.

చుక్కలు చూసేవారు ఒంటరిగా ఉండిపోకూడదని ఆయన పట్టుదల. 1972లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భారత ఖగోళ సంఘం ఏర్పడినప్పుడు దాన్ని నిలబెట్టిన ముఖ్యుల్లో ఆయన ఒకరు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు. 1981లో పద్మభూషణ్ వచ్చింది.

ఇక మిగిలింది, దేశంలోనే తయారు చేయాలనుకున్న 234 సెంటీమీటర్ల టెలిస్కోపు. పెద్ద గాజు దిమ్మ విదేశం నుంచి వచ్చినా, దాన్ని అద్దంగా సానబట్టే పనీ తక్కిన నిర్మాణమూ ఇక్కడివారి చేతులమీదుగానే సాగాయి. అందుకు ఏళ్ళు పట్టింది. 1982 ఆగస్టులో గ్రీసు దేశంలోని పాత్రాస్ నగరంలో అంతర్జాతీయ సంఘం మహాసభలు జరుగుతున్నాయి. అధ్యక్ష స్థానంలో కూర్చోవలసిన బప్పు గుండె జబ్బుతో జర్మనీలోని మ్యూనిక్ ఆస్పత్రిలో ఉన్నారు. ఆగస్టు 19న, 55 ఏళ్ళ వయసులో అక్కడే మరణించారు.

టెలిస్కోపు ఆ తర్వాత మూడేళ్ళకుగాని సిద్ధం కాలేదు. అప్పటికి దేశంలో అంతకంటె పెద్దది లేదు. జఫర్ జంగ్ లాగే బప్పు కూడా తాను తలపెట్టిన పెద్ద టెలిస్కోపులో కన్నుపెట్టి చూడలేకపోయారు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి దానికి వైను బప్పు పేరు పెట్టారు.