గ్యారీ కిల్డాల్

గ్యారీ కిల్డాల్ 1942లో అమెరికాయందలి సియాటిల్ నగరమున జన్మించెను. 1972లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొంది, మాంటెరేలోని నౌకాదళ విద్యాలయమున అధ్యాపకుడుగా నుండెను.

ఆ దినములలో చిన్న కంప్యూటరులకు ఫ్లాపీలపై వ్రాయుటకును, చదువుటకును తగిన ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండెను. 1974లో కిల్డాల్ సి.పి.ఎమ్. అను దానిని రచించెను. పిదప యంత్రమును బట్టి మారెడు భాగమును వేరుపరచి, దానికి బయోస్ అని పేరిడెను. క్రొత్త యంత్రము వచ్చినపుడు ఆ చిన్న భాగమును మార్చిన చాలును. తక్కినది యథాతథముగా పనిచేయును. ఈ యుక్తిచే సి.పి.ఎమ్. వేర్వేరు సంస్థల యంత్రములపై వ్యాపించెను.

1980లో ఐ.బి.ఎమ్. వారితో ఆతని ఒడంబడిక కుదరలేదు. ఆ అవకాశము మైక్రోసాఫ్ట్ వారికి దక్కెను. వారి డాస్ లోకమంతయు నిండెను. కిల్డాల్ పేరు మరుగుపడెను. 1994లో, ఏబదిరెండవ యేట, ఆతడు మరణించెను.

అయినను జిజ్ఞాసువులు డాస్ అంతర్భాగములను శోధించినపుడు, ప్రతి ప్రోగ్రామునకు ముందుండు 256 బైట్ల పీఠికలో, అయిదవ స్థానమున, సి.పి.ఎమ్. పద్ధతి ప్రవేశద్వారమును కనుగొనిరి. ఎనిమిదక్షరముల ఫైలు పేరు, దానివెంట మూడక్షరముల తోక కూడ సి.పి.ఎమ్. మార్గమే. కీర్తి యెవరిని వరించినను, చేసిన మంచిపని తన గుర్తును విడువక నిలుచును.