గస్ గ్రిస్సమ్

వర్జిల్ ఇవాన్ గ్రిస్సమ్ (ఏప్రిల్ 3, 1926 - జనవరి 27, 1967) అమెరికా వ్యోమగామి. గస్ గ్రిస్సమ్ అనే పేరుతో ప్రసిద్ధుడు. నాసా ఎంపిక చేసిన తొలి ఏడుగురు వ్యోమగాములలో ఇతడు ఒకడు. అపోలో 1 వ్యోమనౌకలో జరిగిన అగ్నిప్రమాదంలో మరణించాడు. ఆ ప్రమాదం తరువాత అంతరిక్ష యాత్రలలో అగ్నిభద్రతా విధానాలు సమూలంగా మారాయి.

తొలి జీవితం

గ్రిస్సమ్ ఇండియానా రాష్ట్రంలోని మిచెల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. 1945లో బెట్టీ మూర్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమారులు. 1950లో పర్డ్యూ విశ్వవిద్యాలయం నుండి మెకానికల్ ఇంజనీరింగు పట్టా పొంది, వైమానిక దళంలో చేరాడు. కొరియా యుద్ధంలో 100 సార్లు యుద్ధవిమానం నడిపాడు. అనంతరం టెస్ట్ పైలట్‌గా పనిచేశాడు.

అంతరిక్ష యాత్రలు

1959లో మెర్క్యురీ కార్యక్రమానికి ఎంపికయ్యాడు. 1961 జూలై 21న లిబర్టీ బెల్ 7 నౌకలో సుమారు 15 నిమిషాలపాటు ప్రయాణించాడు. సముద్రంలో దిగిన తరువాత నౌక తలుపు అనుకోకుండా పేలి ఊడిపోగా నౌక మునిగిపోయింది. గ్రిస్సమ్ ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ నౌకను 1999లో వెలికితీశారు. 1965 మార్చి 23న జాన్ యంగ్‌తో కలసి జెమిని 3లో భూమిని చుట్టివచ్చాడు. జెమిని కార్యక్రమంలో మానవులతో సాగిన తొలి యాత్ర ఇదే.

అపోలో 1 ప్రమాదం

1967 జనవరి 27న ఫ్లోరిడాలోని 34వ ప్రయోగ వేదికపై గ్రిస్సమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ నౌకలో కూర్చొని పరీక్షలో పాల్గొన్నారు. రాకెట్టులో ఇంధనం లేనందున ఈ పరీక్షను అపాయకరమైనదిగా పరిగణించలేదు. నౌక లోపల వాతావరణ పీడనం కంటే కొంచెం ఎక్కువ పీడనంతో శుద్ధ ఆక్సిజన్ నింపారు. సాయంత్రం 6.31 గంటలకు మంటలు చెలరేగాయి. నైలాను, వెల్క్రో వంటి పదార్థాలు వేగంగా అంటుకున్నాయి. తలుపు లోపలివైపుకు తెరుచుకునేది కావడంతో, పెరిగిన పీడనం వలన దానిని తీయడం అసాధ్యమైంది. సిబ్బంది బయటినుండి తలుపులు తీయడానికి సుమారు 5 నిమిషాలు పట్టింది. అప్పటికే ముగ్గురూ విషవాయువుల వలన మరణించారు. అత్యవసరంగా నౌక నుండి బయటపడే అభ్యాసం ఆ పరీక్ష చివరన జరగవలసి ఉంది.

పర్యవసానాలు

దెబ్బతిన్న విద్యుత్ తీగల నుండి వెలువడిన మెరుపే కారణమై ఉంటుందని విచారణ సంఘం భావించింది. ఆ తరువాత బయటికి, 10 సెకన్లలోపే తెరుచుకునే తలుపును అమర్చారు. ప్రయోగ సమయంలో శుద్ధ ఆక్సిజన్‌కు బదులు 60 శాతం ఆక్సిజన్, 40 శాతం నత్రజని వాడారు. మండే పదార్థాలను తగ్గించారు. పూర్తి పరిమాణపు నమూనా నౌకలో కావాలని నిప్పు రగిల్చి, మంట ఎలా వ్యాపిస్తుందో పరిశీలించారు. వ్యోమగాములకు, వేదిక సిబ్బందికి అత్యవసర శిక్షణను పెంచారు. గ్రిస్సమ్ బృందానికి ప్రత్యామ్నాయంగా ఉన్న ముగ్గురే 1968 అక్టోబరులో అపోలో 7 యాత్ర చేశారు.

గ్రిస్సమ్‌ను ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననం చేశారు. 1978లో మరణానంతరం కాంగ్రెషనల్ స్పేస్ మెడల్ ఆఫ్ ఆనర్ లభించింది.