గుంటూరు పసిబిడ్డల తల్లి డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ

మే నెల మరియతల్లికి అంకితమైన మాసం. అనేక దేశాలలో తల్లుల దినాన్ని జరుపుకునేది కూడా ఈ నెల రెండవ ఆదివారమే. ఈ సందర్భంగా ఒక తల్లి జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. ఆమె ఎవరినీ నవమాసాలు మోసి కనలేదు. అయినా మన తెలుగు నేలమీద ఎందరో పసిబిడ్డలు ఆమె చేతులలోనే తొలి ఊపిరి తీసుకున్నారు. ఆమె ఆస్ట్రేలియా దేశస్థురాలు, గొప్ప చదువు చదివిన వైద్యురాలు, మఠకన్య. 37 సంవత్సరాలు మన దేశంలో సేవచేసి, క్యాన్సరు వ్యాధితో 1957 మే 5న బెంగుళూరులో ప్రభువు సన్నిధికి చేరారు. ఆమే డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ.

మేరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగుర్రా అనే చిన్న ఊరిలో జన్మించారు. తొమ్మిది మంది సంతానంలో ఆమె మూడవది. తల్లిదండ్రులు ఐరిష్ వంశీయులు, గట్టి విశ్వాసులు. ఆ ఇంట ప్రతి రాత్రి కుటుంబమంతా కలసి జపమాల చెప్పుకునేది. జపమాల చివర మంచి గురువుల కోసం, మంచి వైద్యుల కోసం ప్రార్థించడం తల్లి నేర్పిన అలవాటు. ఆ ప్రార్థనకు జవాబు తన బిడ్డ రూపంలోనే వస్తుందని ఆ తల్లికి అప్పుడు తెలియదు.

మేరీ చదువులో చురుకైనది. ఉపకార వేతనంతో పట్టణం చేరి, 1905లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్య విద్యలో చేరారు. తండ్రి ప్రోత్సాహంతో వైద్యవిద్యకు మారారు. 1910లో పట్టభద్రురాలయ్యారు. స్త్రీ డాక్టరు కావడమే వింతగా చూసే రోజులవి. మరుసటి సంవత్సరం న్యూజిలాండులోని క్రైస్ట్ చర్చ్ నగర ఆసుపత్రిలో రెసిడెంటు డాక్టరుగా పనిచేసి తిరిగివచ్చి, మెల్బోర్న్‌లో కంటి, చెవి వైద్యశాలలోను, సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలోను సేవలందించారు. పేరుమోసిన కాలిన్స్ వీధిలో సొంత వైద్యశాల పెట్టుకున్నారు. పేరు, సంపాదన, గౌరవం అన్నీ ఆమె చేతికందాయి.

1915 అక్టోబరులో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు వైద్యురాలి జీవితం. పరదా చాటున ఉన్న భారత స్త్రీలు మగవైద్యుని ముందుకు రాలేక ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని తెలిసి, ఆగ్నెస్ ముదిమి వయస్సులో మన దేశానికి వచ్చి, రావల్పిండిలో స్త్రీల కోసం ఆసుపత్రి ఏర్పడటానికి కృషిచేసిన మహనీయురాలు. భారతదేశంలో ఎంతమంది పసికందులు కళ్ళు తెరవకముందే రాలిపోతున్నారో ఆ పుస్తకంలో చదివిన మేరీ మోకాళ్ళూనారు. తన జీవితం ఎక్కడ గడవాలో ఆమెకు ఆ క్షణంలో స్పష్టమైంది.

అయితే ఆమె వెంటనే ఓడ ఎక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతోంది, డాక్టర్ల కొరత ఉంది. ఆమె ఓపికతో వేచి ఉన్నారు. వేచి ఉండటమంటే ఊరకే కూర్చోవడం కాదని చూపారు. 1916లో కతోలిక స్త్రీల సంఘాన్ని ప్రారంభించి దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. కూలి స్త్రీల కష్టాలను, పిల్లల ఆరోగ్యాన్ని ఆ సంఘం పట్టించుకుంది. ఇండియాలో తనకు ఏ విద్య అక్కరకు వస్తుందో ఆలోచించి, కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం ప్రధానాంశాలుగా 1919లో ఎం.డి. పట్టా పొందారు. ఈ విషయం మన యువతీయువకులు గమనించాలి. దైవపిలుపు విన్నవారు పుస్తకం మూసివేయనక్కరలేదు, మరింత శ్రద్ధగా తెరవాలి.

1920 జనవరిలో తన వారినందరినీ విడిచి ఆమె ఓడ ఎక్కారు. ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. తన పుట్టిన దేశాన్ని మళ్ళీ ఆమె కళ్ళారా చూడలేదు. గుంటూరులో హాలండు దేశం నుండి వచ్చిన యేసు మరియ జోజప్ప సభ సిస్టర్లు అప్పటికే సేవచేస్తున్నారు. జె.ఎం.జె. సిస్టర్లని మనం పిలిచేది వీరినే. ఆ సభలో చేరి, తిరుహృదయ మరియ అనే అర్థం వచ్చే మఠనామాన్ని ఆమె స్వీకరించారు.

ఇక్కడ ఒక పెద్ద చిక్కు ఉంది. నాటి శ్రీసభ చట్టం ప్రకారం గురువులు, మఠవాసులు వైద్యవృత్తి చేయరాదు. మఠంలో చేరితే వైద్యం వదలాలి, వైద్యం చేయాలంటే మఠం వదలాలి. డాక్టరుగా ఉండిపోతే ఆమెను తప్పుపట్టేవారెవరూ లేరు. మఠంలో చేరి మందుల పెట్టెను పక్కన పెడితే, అది గొప్ప త్యాగమని లోకం పొగిడేది. అయితే ఆ త్యాగానికి మూల్యం చెల్లించేవారు ఎవరు? కాన్పు మంచం మీద ఉన్న పేద స్త్రీ, ఆమె కడుపులోని బిడ్డ. మేరీ దేవునికి ఇవ్వదలచింది తన హృదయాన్ని మాత్రమే కాదు, నేర్పుగల తన చేతులను కూడా. పోపు 15వ బెనెడిక్ట్ గారు ప్రత్యేక అనుమతి ప్రసాదించారు. మఠకన్యలందరికీ ఈ ద్వారం తెరుచుకున్నది 1936లో, రోమునగరం నుండి కొత్త ఆదేశం వెలువడినప్పుడే.

ఆ రోజులలో మన పల్లెల్లో కాన్పు అంటే స్త్రీకి మరో జన్మ అనేవారు. అది ఉత్తమాట కాదు. శుభ్రం లేని కత్తితో బొడ్డు కోస్తే బిడ్డకు ధనుర్వాతం వచ్చేది. కడగని చేతులతో కాన్పు చేస్తే బాలింతకు సూతికా జ్వరం వచ్చేది. పెన్సిలిన్ వంటి మందులు ఇంకా రాలేదు. అడ్డం తిరిగిన బిడ్డను సరిచేయగల డాక్టరు ఏ పట్టణంలోనో ఒకరుండేవారు. ఎడ్లబండి అక్కడికి చేరేసరికి ఆలస్యమైపోయేది. అప్పట్లో గుంటూరుతోపాటు మన కడప సీమ కూడా మద్రాసు రాజధానిలోనిదే. మన ముత్తవ్వల కాలపు కథ కూడా ఇదే కదా.

సిస్టరమ్మ గారు తెలుగు నేర్చుకున్నారు. చిన్న మందుల గదిగా ఉన్న సేవ ఆమె చేతుల మీదుగా సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా ఎదిగింది. చాలా కాలం అక్కడ డాక్టరు ఆమె ఒక్కరే. పల్లెలకు వెళ్ళి రోగులను చూసేవారు. తాను ఒక్కతే ఎంతమందిని చూడగలదన్న ఆలోచనతో స్థానిక యువతులకు నర్సులుగా, మంత్రసానులుగా, కాంపౌండర్లుగా శిక్షణ ఇచ్చారు. మన నాటు మూలికలను తీసిపారేయక, వాటి గుణాలను శ్రద్ధగా పరిశీలించారు. నేర్పు గల మనిషిలో వినయం కూడా ఉంటే ఎంత మేలు జరుగుతుందో చూడండి.

1943లో, రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, మరికొందరు సిస్టర్లతో కలసి భారత కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. చాయ్ అనే పేరుతో, సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసే ఆ సంఘంలో దేశం నలుమూలల మూడువేలకు పైగా సంస్థలు సభ్యులయ్యాయి. ప్రాణం పట్ల భక్తిగల వైద్యులను తయారుచేసే కతోలిక వైద్య కళాశాల కావాలని ఆమె కల. బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల 1963లో ప్రారంభమైంది. అది చూడటానికి ఆమె లేరు.

జీవితమంతా ఇతరుల నొప్పిని తీర్చిన ఆమెను చివరి సంవత్సరాలలో క్యాన్సరు పట్టుకుంది. డాక్టరు కనుక తన శరీరంలో ఏమి జరుగుతున్నదో, ఏమి జరగబోతున్నదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ఎరుకతోనే, తీవ్రమైన బాధలో కూడా దేవుని మీద నమ్మకాన్ని వదలక, 69 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. 2013లో గుంటూరులో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పునీతురాలిగా ప్రకటించే మార్గంలో అది మొదటి మెట్టు.

ప్రియ పాఠకులారా, మీలో ఈ వ్యాధితో తల్లిని పోగొట్టుకున్నవారున్నారు. పగలు బడిలోనో, ఆసుపత్రిలోనో, ఆఫీసులోనో పనిచేసి, సాయంత్రం పొయ్యి వెలిగించి, పిల్లల పుస్తకాలు చూసి, తన ఒంట్లో నలతను మాత్రం ఎవరికీ చెప్పని తల్లులు వారు. తల్లి ఉద్యోగం ఒకటి, ప్రేమ మరొకటి అని మనం విడదీసి చూస్తాం. సిస్టర్ మేరీ జీవితం చూస్తే ఆ గోడ కూలిపోతుంది. ఆమె సూది పట్టిన చేయి, జపమాల పట్టిన చేయి ఒకటే. మీ అమ్మ సుద్దముక్క పట్టిన చేయి, మీకు ముద్ద కలిపిన చేయి కూడా ఒకటే. ఆమె చేసిన పనిని కూడా ఆమె ప్రేమలో భాగంగా తలచుకోండి.

మరొక మాట. సింహాద్రిపురం చుట్టుపక్కల చీనీ తోటల్లో, శనక్కాయ చేలల్లో వంగి పనిచేసే అక్కలకు, అమ్మలకు ఇది చెప్పాలి. రొమ్ములో గడ్డ మొదట తరచుగా నొప్పి పెట్టదు. నొప్పి లేదు గదా అని దాచవద్దు. ముట్లు ఆగిన తరువాత రక్తం కనబడితే సిగ్గుపడి ఊరుకోవద్దు. తొందరగా చూపించుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. భర్తలారా, కొడుకులారా, పంట చేతికి వచ్చాక చూద్దామనకుండా ఆమెను వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళండి. ఒక తల్లి ప్రాణం నిలపడం కోసం సముద్రాలు దాటి వచ్చిన మనిషిని గౌరవించడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తోచదు.

ఈ నెల రాత్రిపూట ఇంట జపమాల చెప్పుకున్న తరువాత, గ్లౌరీ కుటుంబం చేసినట్టే మంచి వైద్యుల కోసం, మంచి గురువుల కోసం ఒక్క ప్రార్థన చేర్చండి. దానికి జవాబు మీ బిడ్డల్లో ఎవరో ఒకరు కావచ్చు.