నీహారికల నిజరూపము నెఱిగిన విలియం హగ్గిన్స్

విలియం హగ్గిన్స్ మహాశయుడు 1824వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన లండన్ నగరమున నొక పట్టువస్త్రముల వర్తకుని యింట జన్మించెను. విశ్వవిద్యాలయమున చదువుభాగ్య మబ్బలేదు. తండ్రి యంగడి భారము యౌవనముననే పైబడగా, వర్తకము నడపుచునే స్వయంకృషిచే శాస్త్రము నభ్యసించెను. ముప్పదియేండ్లు దాటిన పిదప వ్యాపారమును విడిచి, టల్స్ హిల్ అను చోట తన యింటికడనే 1856లో సొంత వేధశాలను నిర్మించుకొనెను.

ఆకాశమున మంచుతెరవలె మసకగా గనబడు నీహారికలు నిజముగా నేమి యను సంశయ మా కాలపు పండితులను బాధించుచుండెను. ప్రకాశించు వాయుమేఘములని కొందరనిరి. అయితే రాస్ ప్రభువు 1845లో ఐర్లండున నెలకొల్పిన మహాదూరదర్శినిలో పెక్కు మసకలు నక్షత్రరాసులుగా విడివడుటచే, తక్కినవియు నట్టివేయనియు, దూరముచే విడిగా గానరావనియు పలువురు నమ్మిరి.

1859లో జర్మను పండితుడగు కిర్కాఫ్, పదార్థముల కాంతిలో వేర్వేరు గీతలుండుననియు, వానినిబట్టి పదార్థమును గుర్తింపవచ్చుననియు వెల్లడించెను. హగ్గిన్స్ తన పొరుగువాడగు రసాయనాచార్యుడు మిల్లరుతోగూడి నక్షత్రకాంతిని గాజుపట్టకముగుండ పరీక్షించెను. నక్షత్రకాంతి నల్లగీతలుగల యింద్రధనుస్సువలె గానవచ్చెను. 1864 ఆగస్టు 29 రాత్రి డ్రాకో మండలమందలి నీహారికపై దృష్టి నిలుపగా, ఇంద్రధనుస్సు లేదు. ఒక్క ప్రకాశరేఖ మాత్రము మెఱసెను. పరికరము చెడెనేమో యని తొలుత శంకించెను. పరికించి చూడగా మఱి రెండు సన్నని గీతలును దోచెను. అట్లు వెలుగునది వాయువేయని తేటపడెను. మృగశిర గల మండలమున, వరుసగానుండు మూడు చుక్కల దిగువ వెలుగు మహానీహారికయు వాయువేయని తరువాత తేలెను. ఆండ్రోమెడా నీహారిక మాత్ర మట్లు కాదయ్యెను.

ఈ పద్ధతినే 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణమున ఫ్రెంచి పండితుడు జాన్సెన్ మన గుంటూరున నవలంబించి, సూర్యుని యంచున లేచు జ్వాలలును వాయువులేయని కనుగొనెను.

నీహారికలోని ప్రధానమగు ఆకుపచ్చరేఖకు సరిపోవు పదార్థము భూమిపై గానరాలేదు. నెబ్యులియం అను క్రొత్త మూలకము నూహించిరి. 1927లో అమెరికా పండితుడు బోవెన్, అది రెండు ఎలక్ట్రానులు కోల్పోయిన ఆమ్లజని కాంతియని నిరూపించెను. సమీపమందలి మిక్కిలి వేడిగల నక్షత్రముల అతినీలలోహిత కిరణములు ఉదజని పరమాణువుల నుండి ఎలక్ట్రానులను విడదీయును. అవి మరల గలియునపుడు ఎఱ్ఱని వెలుగు పుట్టును.

1875లో పరిణయమాడిన మార్గరెట్ ఆయన పరిశోధనలలో సహాధ్యాయిని యయ్యెను. 1900 మొదలు 1905 వఱకు రాయల్ సొసైటీ అధ్యక్షపదవి నలంకరించి, 1910 మే 12వ తేదీన హగ్గిన్స్ పరమపదించెను. ఆ ఆకుపచ్చరేఖ రహస్య మాయన జీవితకాలమున వీడలేదు. కాని ఆ రేఖను తొలుత జూచి, ఆకాశమున వాయువు వెలుగుచున్నదని లోకమునకు దెలిపినవాడు విశ్వవిద్యాలయపు గడప ద్రొక్కి చదువని యా వర్తకుని కుమారుడే.